ఆ ఆలోచనకూ ఒక టైం పెట్టండి

రాత్రి రెండు గంటలవుతుంది. ఇక్కడ పిస్కాటవేలో వీధంతా నిద్రపోతుంటుంది. మన ఊళ్లో పట్టపగలు. తెల్లవారుజామున ఐదింటికి లేచి సైటుకు పోవాలి, కానీ కంటి మీద కునుకు రాదు. 'అప్పు ఎప్పుడు తీరుతుంది? ఉద్యోగం పోతే వీసా సంగతేంటి? నాన్నకు బాగోలేకపోతే వెళ్లగలనా?' ఇవే ప్రశ్నలు గానుగెద్దులా తిరుగుతుంటాయి. న్యూజెర్సీ అయినా, దుబాయ్ అయినా, కువైట్ అయినా మనవాళ్లలో చాలామందికి ఇది తెలిసిన బాధే. పైకి చెప్పుకునేవాళ్లే తక్కువ.

నా సంగతే చెబుతాను. సివిల్ డిప్లొమా చేసి వచ్చి ఇక్కడ కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. ఒకసారి నా కొలత తప్పి యాంకర్ బోల్టులు అంగుళం పక్కకు పడ్డాయి. పదిమంది ముందు తిట్లు తిన్నాను. రెండు రోజుల్లో సరిచేశాం, పని ముందుకెళ్లింది. నా తల మాత్రం మూడు నెలలు అక్కడే ఉండిపోయింది. 'నీ వల్ల ఏదీ కాదు' అని లోపల ఒకటే పోరు. అమ్మ గొంతు వింటే ఏడుపొస్తుందని ఇంటికి ఫోన్ చేయడం కూడా తగ్గించేశాను.

అందరూ ఇచ్చిన సలహా ఒక్కటే: 'మర్చిపో'. అదే కుదరనిది. మందు తాగేటప్పుడు కోతిని తలుచుకోవద్దంటే కోతే గుర్తొస్తుందని మన పెద్దలు ఏనాడో చెప్పారు. డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1987లో దీన్నే ప్రయోగంతో చూపించారు. ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అని విద్యార్థులకు చెబితే, నిమిషానికి ఒకసారికి పైగానే గంట మోగింది. తరిమేకొద్దీ ఆలోచన తిరిగొస్తుంది. వారాంతం సీసాతో తరిమినా సోమవారానికి మళ్లీ హాజరు.

మరి చేసేదేముంది? తరమకుండా దానికి ఒక టైం పెట్టాలి. పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన టామ్ బోర్కోవెక్ బృందం 1983లో చెప్పిన పద్ధతి ఇది. రోజూ ఒకే వేళ, ఒకే చోట అరగంట ఆందోళనకు కేటాయించాలి. మిగతా వేళల్లో ఆలోచన వస్తే 'సాయంత్రం చూద్దాం' అని వాయిదా వేసి చేతిలో పనికి మళ్లాలి. నేను డ్యూటీ దిగాక, సైటులో డైలీ లాగ్ రాసినట్టే రెండు గళ్లు గీసి రాస్తాను. నా చేతిలో ఉన్నవి ఒకవైపు, లేనివి ఇంకోవైపు. ఈ నెల అప్పుకు ఎంత పంపాలన్నది మొదటి గడి. వీసా రూలు మారుతుందా అన్నది రెండో గడి, రాసి వదిలేయడమే. ఆలోచనలు పూర్తిగా పోయాయని అబద్ధం చెప్పను. వస్తాయి. వాటి వెంట పోవడం తగ్గింది.

అయితే అన్నీ నోటుపుస్తకంతో తీరవు. రెండు వారాలుగా నిద్ర, తిండి లేకపోయినా, ఒకే ఆలోచన రోజూ గంటల తరబడి పీడిస్తున్నా డాక్టరును కలవాలి. అది ఓసీడీయో, డిప్రెషనో కావచ్చు. రెండింటికీ చికిత్స ఉంది. మా పిస్కాటవేలోనే రట్గర్స్ యూనివర్సిటీ బిహేవియరల్ హెల్త్ కేర్ కేంద్రం ఉంది. దాని ముందు నుంచే రోజూ వెళ్తూ కూడా, అడుగు పెట్టడానికి సిగ్గుపడ్డవాణ్ని నేను. ఆ సిగ్గే మనకు శత్రువు.

ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో 2021 లెక్కల ప్రకారం పనిచేసే వయసు మగవారిలో ఆత్మహత్యలు లక్షకు 32 అయితే, నిర్మాణ రంగంలో 56. సైటులోకి హెల్మెట్ లేకుండా ఎవరినీ రానివ్వం. ఆ తల లోపల ఏం జరుగుతోందో మాత్రం అడగం. మన తెలుగు సంఘాలు ఉగాదికి, బతుకమ్మకు అంత ఖర్చు పెడుతున్నాయి. ఆ వేదిక మీద ఒక్క అరగంట డాక్టరుతో మాట్లాడిస్తే ఏం పోతుంది?

బతకాలని లేదనిపిస్తే క్షణం ఆగొద్దు. అమెరికాలో 988కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఇండియాలో ఉన్న మీవాళ్లకు టెలీ మానస్ నంబరు 14416 చెప్పండి, తెలుగులో మాట్లాడతారు.

ఈ వారం మీ గదిలో, మీ క్యాంపులో మాట తగ్గించిన మనిషి ఎవరో చూడండి. పక్కన కూర్చుని 'అన్నా, తిన్నావా? నిద్ర పడుతోందా?' అని అడగండి. జవాబు వచ్చేదాకా లేవకండి.