మన టీమ్ పోయింది సరే, ఆట ఎక్కడికి పోయింది?

మే నెల సగం దాటేసరికి మన ఆఫీసుల్లో ఒక మాట వినపడటం మొదలవుతుంది. "మనోళ్ళు ఔట్ కదన్నా, ఇంకేం చూస్తాంలే." నిన్నటి దాకా నెట్ రన్ రేటు లెక్కలు ఎక్సెల్ షీట్లో వేసినవాడే ఈ మాట అంటాడు. "ముంబై ఓడాలి, ఢిల్లీ చిత్తుగా ఓడాలి, బెంగుళూరులో వాన పడాలి, అప్పుడు మనకి ఛాన్సుంది" అని పొద్దున స్టాండప్ మీటింగులో కూడా వదలకుండా చెప్పినవాడే, మర్నాటి నుంచి క్రికెట్టా, అదేం కూర అన్నట్టు మొహం పెడతాడు. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

ముందే ఒకటి చెప్పేస్తా. క్రికెట్ అంటే ఆసక్తి లేనివాళ్ళతో నాకు పేచీ లేదు. రాత్రి పదకొండున్నర దాకా మేలుకునే ఓపిక లేనివాళ్ళతో అసలే లేదు, పొద్దున్నే పిల్లల్ని స్కూలు బస్సెక్కించాలి కదా. నా తగాదా అంతా "క్రికెట్ అంటే ప్రాణం" అని చెప్పుకుంటూ సొంత జట్టు పోగానే దుకాణం కట్టేసేవాళ్ళతో. ప్రాణం ఆట మీద కాదు నాయనా, నీ పంతం మీద.

2025 ఐపీఎల్‌నే తీసుకోండి. సన్‌రైజర్స్ మార్చి 23న రాజస్థాన్ మీద 286 కొట్టి మొదలుపెట్టారు. ఇంకేముంది, ఈసారి 300 ఖాయం అని మన గ్రూపులన్నీ ఊగిపోయాయి. తర్వాత వరసగా దెబ్బ మీద దెబ్బ. మే 5న ఉప్పల్‌లో ఢిల్లీతో మ్యాచ్ వానకి కొట్టుకుపోవడంతో ప్లేఆఫ్ ఆశలు కూడా కొట్టుకుపోయాయి. మనవాళ్ళు ఆ రాత్రే టీవీ కట్టేశారు.

ఆ తర్వాత ఏం జరిగిందో తెలుసా? ఔట్ అయిన ఆ జట్టే లక్నోని ఓడించి వాళ్ళ ప్లేఆఫ్ దారి మూసేసింది. బెంగుళూరు మీద 231 కొట్టి 42 పరుగుల తేడాతో గెలిచింది. ఆ బెంగుళూరే ఆ ఏడాది ఛాంపియన్! చివరి మ్యాచ్‌లో కోల్‌కతా మీద 278 కొట్టింది, క్లాసెన్ 37 బంతుల్లో సెంచరీ చేశాడు. అంటే, ఔట్ అయిన జట్టు ఆడటం మానలేదు. ఆడనివాడు, పరుగెత్తనివాడు, సోఫాలో కూర్చుని చూడటం తప్ప వేరే పని లేనివాడు మాత్రం అలిగి వెళ్ళిపోయాడు. ఎవరికి ఎవరు ఆదర్శం?

ఇంకా అసలుది చెప్పలేదు. మే 30న ముల్లన్‌పూర్‌లో ఎలిమినేటర్. ఒక పక్క ముంబై, ఇంకో పక్క గుజరాత్. ముంబైలో తిలక్ వర్మ, గుజరాత్‌లో మహ్మద్ సిరాజ్. ఇద్దరూ హైదరాబాదు కుర్రాళ్ళే. ఓడినవాళ్ళు ఇంటికి పోయే మ్యాచ్‌లో హైదరాబాదు గల్లీల్లో ఆడుకున్న ఇద్దరు చెరో వైపున నిలబడితే, "మన హైదరాబాద్ లేదు కదా" అని మనవాళ్ళు చూడలేదు! ముంబై 20 పరుగులతో గెలిచింది. రెండు రోజుల తర్వాత క్వాలిఫయర్‌లో తిలక్ 44 కొట్టాడు, కానీ శ్రేయస్ అయ్యర్ 41 బంతుల్లో 87 నాటౌట్‌గా నిలబడి పంజాబ్‌ని ఫైనల్‌కి తీసుకెళ్ళాడు. ఆ ఇన్నింగ్స్ వదులుకున్నవాడు ఏం పోగొట్టుకున్నాడో వాడికే తెలీదు.

అసలు "మన టీమ్" అంటే ఏంది? 2008లో డెక్కన్ ఛార్జర్స్ అన్నారు, ఆ ఏడు ఆఖరి స్థానం. మరుసటి ఏడు సౌతాఫ్రికాలో అదే జట్టు కప్పు కొట్టింది. 2012లో బోర్డు ఆ ఫ్రాంచైజీనే రద్దు చేసింది. 2013లో కొత్త యజమాని, కొత్త పేరు, కొత్త రంగు. మనం నీలం చొక్కా తీసేసి నారింజ చొక్కా తొడుక్కుని "మన టీమ్" అన్నాం. తప్పు లేదు, నేనూ అన్నాను. కానీ ఒక్కసారి ఆలోచించండి. మన గుంటూరు అంబటి రాయుడు ముంబైకి ఆడాడు, చెన్నైకి ఆడాడు, ఐపీఎల్‌లో హైదరాబాదు జట్టుకి ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2018లో చెన్నై తరఫున మన జట్టు మీదే సెంచరీ కొట్టాడు. ఆ రోజు మనం గెలిచామా, ఓడామా? "మన" అనేది వేలంపాటలో తేలే విషయం అయినప్పుడు, దాని కోసం ఆటనే వదిలేసుకోవడం ఏం తెలివి?

ఈ విషయంలో మా రాచర్లవాళ్ళం కాస్త అదృష్టవంతులం అనుకుంటా. ఎందుకంటారా? మాకు ఏ లీగులోనూ జట్టు లేదు, ఉండబోదు. గిద్దలూరు, మార్కాపురం, కంభం కలిపినా లేదు. మా వైపు నుంచి చదువుకుని హైదరాబాదు బస్సెక్కినవాళ్ళు ఎంతమందో, బెంగుళూరు బస్సెక్కినవాళ్ళూ తక్కువేం కాదు. మా లెక్కన ఎప్పుడూ ఎవరో ఒకరి జట్టునే చూస్తున్నాం. పరాయి జట్టుని చూడటం మాకు కొత్త కాదు.

అంతకంటే పెద్ద కారణం ఇంకొకటుంది. మా పడమటి మండలాల్లో తిరునాళ్ళకి బండలాగుడు పోటీలు జరుగుతాయి. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఒక ఎడ్ల జత, ఒక పెద్ద బండ, ఇన్ని నిమిషాలని గడువు. ఆ గడువులో బండని ఎన్ని అడుగుల దూరం లాగితే అంత. పళ్ళని బట్టి విభాగాలు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. పక్క జిల్లాల నుంచి కూడా జతలు లారీలెక్కి వస్తాయి. మైకులో ఒకాయన నిమిషాలూ అడుగులూ అరిచి చెబుతూ ఉంటాడు.

ఇప్పుడు గమనించాల్సింది ఏందంటే, మన ఊరి జత మూడో నంబరు చీటీ మీద లాగేసిందనుకోండి. ఐదో జత దాన్ని దాటేసింది, ఏడోది ఇంకా దాటేసింది. మన ఊరిది అయిపోయింది. ఎవడైనా లేచిపోతాడా? పోడు. ఎండలో తలకి తువ్వాలు చుట్టుకుని ఆఖరి జత దాకా నిలబడతాడు. అది ఎవరి జత, యాడ కొన్నారు, మలుపు దగ్గర వలపటిది ఎట్లా తిరిగింది, దాపటిది ఎందుకు వెనకబడింది, అన్నీ చూస్తాడు. గెలిచిన జత దగ్గరికి నడుచుకుంటూ పోయి, మూపురం నిమిరి, "ఏం మేపుతున్నావు బాబాయ్?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నలో ఏడుపు లేదు. పశువు తెలిసినవాడు ఇంకో పశువు తెలిసినవాడిని అడిగే ప్రశ్న అది. ఆటని ప్రేమించడం అంటే నా దృష్టిలో అదీ. డిగ్రీలు చదివి, రెండు స్క్రీన్లు పెట్టుకుని స్ట్రైక్ రేట్లు చూసే మనకి, ఆ తువ్వాలు చుట్టుకున్నాయనకి ఉన్న రసికత లేకపోతే ఎట్లా?

దేశం జట్టు విషయంలోనూ మనం ఇంతే. 2007 ప్రపంచ కప్పులో మార్చి 23న శ్రీలంక చేతిలో ఓడి మనం దాదాపు ఇంటిదారి పట్టాం. డబ్బులు కట్టి ప్యాకేజీలు తీసుకున్న అమెరికా తెలుగువాళ్ళు ఎంత తిట్టుకున్నారో నాకు ఇంకా గుర్తే. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, మార్చి 28న, అదే శ్రీలంకకి ఆడుతూ మలింగ సౌతాఫ్రికా మీద వరసగా నాలుగు బంతుల్లో నాలుగు వికెట్లు తీశాడు. అయినా సౌతాఫ్రికా ఒక్క వికెట్ తేడాతో గట్టెక్కింది. అంత మ్యాచ్ జరుగుతుంటే మనలో సగం మంది ద్రావిడ్‌ని తిట్టే పనిలో ఉన్నాం.

2019 ఇంకా ఘోరం. జులై 10న న్యూజిలాండ్ మనల్ని 18 పరుగులతో ఓడించింది. జులై 14న లార్డ్స్‌లో ఫైనల్. చాలా టికెట్లు అప్పటికే మనవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. న్యూజిలాండ్ ఆటగాడు నీషమ్ "మీరు రాకపోతే టికెట్లు సరైన దారిలో తిరిగి అమ్మండి, నిజమైన అభిమానులకి దక్కనివ్వండి" అనే అర్థంలో మన అభిమానులకి బహిరంగంగా విన్నపం చేసుకోవాల్సి వచ్చింది. అదీ మన పరువు! ఆ ఫైనల్ ఏమైందో అందరికీ తెలుసు. 241కి 241 టై. సూపర్ ఓవర్లో 15కి 15 టై. ఆఖరికి బౌండరీలు లెక్కపెట్టి, 26కి 17 అని ఇంగ్లండుకి కప్పిచ్చారు. అట్లాంటి ఫైనల్ మన జీవితంలో ఇంకోటి వస్తుందో రాదో. దాన్ని "ఇండియా లేదు కదా" అని వదిలేసినవాళ్ళకి ఏం చెప్పాలి?

"నాదంటూ ఒకటి లేకపోతే ఇంట్రెస్ట్ ఎట్లా వస్తుంది బాసూ?" అంటారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానికి వాళ్ళు కనిపెట్టిన సమాధానాలు రెండూ నాకు నచ్చవు.

మొదటిది ద్వేషం. మనం ఎట్లాగూ పోయాం, ఆ బెంగుళూరువాళ్ళు గెలవకపోతే చాలు. "ఈ సాల కప్ నమ్దే" అని ఎకసెక్కాలాడటం కోసమే మ్యాచ్ చూడటం. బెంగుళూరులో ఇల్లు కొనుక్కుని, ఈఎమ్ఐ అక్కడే కట్టుకుంటూ మరీ ఈ సంబడం :) 2025 జూన్ 3న 18వ సీజన్లో వాళ్ళు పంజాబ్‌ని 6 పరుగులతో ఓడించి కప్పు కొట్టేసరికి వీళ్ళ నవ్వు కాస్తా పోయింది. ద్వేషంతో ఆట చూసేవాడికి మిగిలేది అదే.

రెండోది పందెం. ఇది నవ్వులాట కాదు. "మన జట్టు లేదు కదా, ఏదో ఇంట్రెస్ట్ కోసం చిన్న బెట్టు" అనే మాటతోనే చాలామంది మొదలుపెడతారు. ఐదు వందలు ఐదు వేలవుతుంది, పోయింది రాబట్టుకోవడానికి యాభై వేలవుతుంది. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ పందేలని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలని నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం యాప్‌ని ఆపుతుంది, ఊళ్ళో ఫోన్ మీద నడిచే పందేన్ని ఆపడం అంత తేలిక కాదు. జీతాలొచ్చే మనం "సరదా" అంటాం. మనల్ని చూసి నేర్చుకునే ఊరి తమ్ముళ్ళకి జీతం లేదు, వాళ్ళ నాయన పొలం మాత్రమే ఉంది. ఆటలో ఆసక్తి డబ్బుతో కొనుక్కోవాల్సి వస్తోందంటే, ఆట చూడటం మనకి చేతకావట్లేదని అర్థం. సొంత జట్టు లేకుండా ఆట చూడటం నేర్చుకోవాలి అని నేను ఇంతగా గొంతు చించుకునేది అందుకే.

అమెరికాలో ఉన్నవాళ్ళకి బేస్‌బాల్ ఉదాహరణ చెబుతా. చికాగో కబ్స్ 1908లో గెలిచాక మళ్ళీ వరల్డ్ సిరీస్ గెలిచింది 2016లో. మధ్యలో 108 ఏళ్ళు. చాలా అక్టోబర్లలో వాళ్ళ జట్టు ఇంట్లోనే ఉంది, పరాయి జట్లు ఆడుతుంటే వాళ్ళు చూశారు. సొంత జట్టు ఉంటేనే చూస్తాం అనుకుంటే ఆ ఊళ్ళో తాతలు, తండ్రులు ఆటనే మర్చిపోయి ఉండేవాళ్ళు.

మరి ఎట్లా చూడాలంటారా? పెద్ద కిటుకేం లేదు. ఫ్రాంచైజీని వదిలేసి మనిషిని పట్టుకోండి. ఒక బౌలర్ని ఎంచుకుని, ఆఖరి ఓవర్లలో ఫీల్డింగ్ ఎట్లా పెట్టుకున్నాడో, యార్కర్ తప్పితే తర్వాతి బంతి ఏం వేశాడో చూడండి. ఓడబోతున్న జట్టులో తొమ్మిదో నంబరు ఆటగాడి మొహం చూడండి. 2025 ఫైనల్లో పంజాబ్ ఓటమి దాదాపు ఖాయమయ్యాక కూడా శశాంక్ సింగ్ 61 నాటౌట్‌గా కొడుతూనే ఉన్నాడు. సొంత జట్టు ఆడుతుంటే భయంతో సగం బంతులు కళ్ళు మూసుకుని చూస్తాం. పరాయి జట్లు ఆడుతున్నప్పుడే కళ్ళు పూర్తిగా తెరుచుకుంటాయి.

వచ్చే మే నెలలో ఎవరైనా "మనోళ్ళు పోయారు, ఇక అనవసరం" అంటే, నా తరఫున ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు ఇన్నాళ్ళూ చూసింది క్రికెట్టా, అద్దమా?"

కాదంటారా? అయితే కాదని వాదించండి, నేను రెడీ.