నీటి కింద చిన్ముద్ర

మన ఇళ్లలో పగడం అంటే మంగళసూత్రంలో గుచ్చే ఎర్రని పూస. తెరెంగానూ దీవుల చుట్టూ ఉన్న పగడాల జాతి వేరు. అవి గోధుమ, పచ్చ, ఊదా రంగుల్లో దిబ్బలుగా పెరుగుతాయి. బడి సెలవులకు మీలో చాలామంది అటు వెళ్తారు కాబట్టి ఈసారి వాటి గురించి రాస్తున్నాను.

రెడాంగ్‌కూ పెర్హెంతియన్‌కూ మధ్య పులౌ లాంగ్ తెంగా అనే చిన్న దీవి ఉంది. అక్కడ ఊరు లేదు, రోడ్డు లేదు, కొద్దిపాటి రిసార్టులే. మెరాంగ్ జెట్టీలో బోటు ఎక్కాలి. దిబ్బ దగ్గర లంగరు వేస్తే పగడం విరుగుతుంది. అందుకని నీటి మీద తేలే బోయాకు తాడు కడతారు.

బోటు అంచున కూర్చుని వీపు వైపుగా నీళ్లలో పడాలి. పది మీటర్లు దిగేసరికి ఒంటి మీద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. ముక్కు మూసి మెల్లగా ఊదుతూ చెవులు సర్దుకోవాలి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకూడదు. (ప్రాణాయామం అలవాటైన వాళ్లకు ఇది కొంచెం కష్టం. నేనూ అందులో ఒకదాన్ని.) బొటనవేలు పైకి చూపితే అక్కడ 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని. బాగుందని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. గుడి తరగతిలో గురువుగారు చూపించిన చిన్ముద్రే!

ఇంజను ఆగితే నిశ్శబ్దం అనుకుంటాం. కింద మాత్రం తాలింపులో ఆవాలు వేసినట్టు ఒకటే చిటపట. చిన్న రొయ్యలు పంజా టప్పున మూసే చప్పుడది. నీటిలో ధ్వని గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది, అందుకే ఎటునుంచి వస్తోందో తెలియదు. లోతుకు పోయేకొద్దీ ఎరుపు మాయమవుతుంది. నా ముంజేతికి కట్టిన గుడి దారం నల్లగా కనిపించింది. టార్చి వేయగానే మళ్లీ ఎర్రబడింది.

పగడం లోపల ఉండే సూక్ష్మమైన నాచు దానికి అన్నం పెడుతుంది. నీరు మరీ వేడెక్కితే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010లో అలా జరిగి తియోమన్, రెడాంగ్ వంటి చోట్ల కొన్ని డైవింగ్ స్థలాలను కొన్ని నెలలు మూసేశారు. 2024లో ప్రపంచమంతటా మళ్లీ అదే కథ.

ఆ వేడిని మీరూ నేనూ ఆపలేం, మన కాలిని మాత్రం ఆపగలం. ఈత రానివాళ్లు భయపడగానే కాలు ఆనించే చోటు వెతుకుతారు. అక్కడ దొరికేది పగడమే. బండలాంటి పగడం ఏడాదికి పెరిగేది సుమారు ఒక సెంటీమీటరు.

మన పెద్దలు రజులా వంటి ఓడల డెక్కు మీద బంగాళాఖాతం దాటి పినాంగులో దిగారు. వాళ్లకు సముద్రం అంటే వెనక వదిలేసిన ఊరు. ఎస్టేటులో ఈత ఎవరు నేర్పారు? "నీళ్ల దగ్గరికి పోకు" అన్న మాట మాత్రం మన ఇళ్లలో ఇంకా ఉంది. డైవింగుకు వెళ్తున్నానంటే మా అమ్మ ఇప్పటికీ ఫోను పెట్టేస్తుంది.

కాబట్టి ముందు మీ ఊరి ఈత కొలనులో పిల్లలకు వెల్లకిలా తేలడం నేర్పించండి, దీవి ఆ తర్వాత. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య రుతుపవనం, అప్పుడు పోవద్దు. సిలిండరుతో డైవింగ్ చేసినవాళ్లు కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. కువాలా తెరెంగానూ నుంచి టికెట్టు మరుసటి రోజు సాయంత్రానికి కొనుక్కోండి.