పుకారు కంటే ముందే పోయిన నమ్మకం

వ్యవస్థల మీద జనానికి నమ్మకం పోయిందంటే తప్పంతా వాట్సాప్‌దేనని అధికారులు అంటున్నారు, సంపాదకీయాలు అంటున్నాయి, టీవీ చర్చలకు వచ్చే మేధావులూ అంటున్నారు. ఈ వాదన నేను ఒప్పుకోను. అబద్ధం ప్రాణాలు తీస్తుంది, నిజమే. కానీ నమ్మకం ముందే పోయిన చోటే ఆ అబద్ధానికి పీట పడింది.

2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయంటూ ఒక వీడియో దేశమంతా తిరిగింది. నిజానికది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లవాణ్ణి తిరిగి దింపేసే చివరి భాగాన్ని ఎవరో కోసేశారు. ఆ భయంలో, మే నెలలో, హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్లు ఐదుగురు గుంపు చేతిలో చనిపోయారు. వాళ్లను కుక్కి కొట్టింది గ్రామ పంచాయతీ ఆఫీసు గదిలోనే. మరో రెండు వారాలకు బీదర్ జిల్లా ముర్కిలో, పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారన్న అనుమానంతో హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకరిని బలి తీసుకున్నారు.

అదే వేసవిలో అవే పుకార్లు గద్వాల జిల్లా ఊళ్లకూ చేరాయి. అక్కడ ఎవరి ప్రాణమూ పోలేదు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పుకార్లు ముదరకముందే ఊళ్లకు పోలీసులను కేటాయించి ఉన్నారు. వాళ్లు ఊళ్లకు వెళ్లి జనంతో కూర్చునేవాళ్లు. ఎండాకాలం ఆరుబయట పడుకునే మనుషులు తలుపులు బిగించుకుని లోపలే పడుకుంటున్నారని కనిపెట్టింది అలాంటి ఒక పోలీసే. ఆ తర్వాత ఊరూరా చాటింపు వేయించారు, కళాకారులతో పాటలు పాడించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులూ చేరారు. కొత్త మనిషి కనబడితే కర్ర తీసే ముందు ఫోన్ చేయడానికి జనానికి తెలిసిన మనిషి ఒకరున్నారు.

చదువు లేని జనం దేన్నయినా నమ్మేస్తారనేవాళ్లు ఒక్కటి గమనించాలి. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువ ఉన్న జిల్లా ఈ గద్వాలే.

మరి పెద్దలు వెతికిన మందేమిటి? ఫార్వర్డులకు పరిమితి పెట్టించారు, మంచిదే. తన పనుల గురించిన వార్తల్లో ఏది అబద్ధమో తానే తేల్చేలా కేంద్రం 2023లో ఐటీ నిబంధనలు సవరించింది. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ సవరణను కొట్టేసి సరైన పని చేసింది. అడిగిన ప్రశ్నకు జవాబివ్వని ప్రభుత్వం, ఇది అబద్ధమని ముద్ర కొడితే నమ్మేదెవరు? తెలంగాణ సమాచార కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరూ లేకుండా పడి ఉండింది. తన భూమి కాగితం కోసం ఆర్టీఐ కింద అర్జీ పెట్టి, జవాబు రాక అప్పీలుకు వెళ్లిన రైతుకు అన్నాళ్లూ వినే దిక్కు లేకపోయింది. ఆ రైతు నమ్మకాన్ని ఏ ఫార్వర్డు చంపింది?

పుకార్లు పుట్టించేవాళ్లను శిక్షించండి, కాదనను. దాంతోపాటు సమాచార కమిషన్లలో ఖాళీలు పడిన వెంటనే నింపండి. ఊరికి తెలిసిన పోలీసును ఊరికి పంపండి. ఈ రెండూ చేయకుండా జనాన్ని నిందించే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు.