జెన్ కొనాలా... 800 చాలా?

వినుకొండ నుంచి ఇంటిల్లిపాదీ కోటప్పకొండకు వెళ్లొచ్చేందుకు చిన్న పాత కారు చూస్తున్నారా? తక్కువ ధరలో అనగానే గుర్తొచ్చేవి మారుతి 800, జెన్.

కాగితం మీద జెన్‌దే పైచేయి. పెట్రోలు జెన్ ఇంజిన్ 993 సీసీ, నాలుగు సిలిండర్లు. 800ది 796 సీసీ, మూడే. నాలుగు గేర్ల 800 శక్తి 37 హార్స్‌పవర్ అయితే, జెన్ తొలి మోడల్‌కే 50. నలుగురిని ఎక్కించుకుని, ఏసీ వేసి ఘాట్‌రోడ్డు ఎక్కితే ఆ తేడా తెలిసిపోతుంది. పల్నాడు ఎండల్లో ఏసీ ఆపమంటే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా!

అయినా నా ఓటు 800కే. కారణం ఇంజిన్ కాదు, కారు వయసు. అసలు జెన్ తయారీ 2006లోనే ఆగింది. తర్వాత వచ్చిన ఎస్టిలో పేరుకే జెన్. 800 సంగతి వేరు. 2010లో కొత్త కాలుష్య నిబంధనలతో హైదరాబాద్ సహా 13 నగరాల్లో అమ్మకాలు ఆగినా, వినుకొండలాంటి ఊళ్లకు 2014 జనవరి దాకా తయారైంది. వెతికితే 2012, 2013 బండి దొరకొచ్చు.

పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. 600 రూపాయలున్న ఆ ఫీజును 2022 ఏప్రిల్‌లో 5 వేలు చేశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025లో 10 వేలకు పెంచారు. ఫిట్‌నెస్ కోసం పెట్టే రిపేర్ల ఖర్చు అదనం.

అందుకే బానెట్ ఎత్తకముందే ఆర్‌సీ అడగండి. తయారైన నెల, సంవత్సరం, రిజిస్ట్రేషన్ గడువు అందులోనే ఉంటాయి. తర్వాత మ్యాట్లు ఎత్తి తుప్పు చూడండి.