ఆసు పోసే చేతికి పద్దు లేదు

ఏటా ఆగస్టు 7 రాగానే, అంటే జాతీయ చేనేత దినోత్సవం రాగానే, పోచంపల్లి పేరు వేదికల మీద మారుమోగుతుంది. శాలువాలు కప్పుతారు, పథకాల పేర్లు చదువుతారు, ఇక్కత్ చీరకు ఖండాంతర ఖ్యాతి ఉందని మరొకసారి గుర్తు చేస్తారు. ఇంత ఖ్యాతి ఉండీ నేత ఇల్లు ఎందుకు గడవడం లేదన్న ప్రశ్నకు మాత్రం ‘సహకార సంఘాలను బలోపేతం చేస్తాం’ అన్న పాత జవాబే ప్రతిసారీ దొరుకుతుంది. బలోపేతం అన్న మాటకు ప్రభుత్వ కార్యాలయాల్లో స్థిరపడిన అర్థం ఒక్కటే: ఇంకొక కమిటీ, ఇంకొక రిజిస్టరు, ఇంకొక సంతకం. 2015 నుంచి ఇదే తంతు నడుస్తున్నా, ఒక వ్యాపార సంస్థ ఎందుకు నిలబడుతుంది, ఎందుకు కూలుతుంది అన్న మౌలికమైన విషయం ఆ వేదికల మీద ప్రస్తావనకైనా రాకపోవడం చిరాకు కలిగించే సంగతి.

ప్రతి సంస్థకూ రెండు శరీరాలు ఉంటాయి. ఒకటి నియత నిర్మాణం, అంటే నియమావళి, పదవులు, ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న పట్టిక, జీతాల లెక్క, తీర్మానాల పుస్తకం. రెండవది అనియత సంస్కృతి, అంటే ఎక్కడా రాసి ఉండకపోయినా అందరూ పాటించే కట్టుబాట్లు, నమ్మకాలు, మొహమాటాలు, పగలు, బంధుత్వాలు. మేనేజ్‌మెంట్ శాస్త్రం ఈ రెండవ శరీరాన్ని కనుగొన్నది చికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన హాథార్న్ కర్మాగారంలో, 1924 నుంచి 1932 వరకు సాగిన ప్రయోగాలలో అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఎక్కువ పని చేస్తే ఎక్కువ డబ్బు వస్తుందని తెలిసినా కార్మికులు తమలో తాము ఒక హద్దు గీసుకుని, దానికి మించి చేసేవాణ్ణీ తక్కువ చేసేవాణ్ణీ సమానంగా ఎగతాళి చేసి దారికి తెచ్చుకునేవారని అక్కడ తేలింది. 1938లో చెస్టర్ బర్నార్డ్, తానే ఒక టెలిఫోన్ కంపెనీని నడిపిన అనుభవంతో, అనియత సంస్థ లేకుండా నియత సంస్థ బతకలేదని ఒక గ్రంథమే రాశాడు. ఎనిమిదేళ్ల పరిశోధనతో తేలిన ఈ విషయాన్ని పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నేతవాడల్లో ఎవరిని అడిగినా ఒక్క పూటలో చెప్పేవారు.

పూర్వపు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలోకి మారిన పోచంపల్లిలో ఒక చీర తయారయ్యే తీరును గమనిస్తే సంస్థ అన్న మాటకే అర్థం మారిపోతుంది. కాగితం మీద కనిపించే సంస్థలు రెండే. ఒకటి సహకార సంఘం. రెండవది మాస్టర్ వీవర్, అంటే నూలు, రంగు, నమూనా తానే ఇచ్చి, నేసినందుకు వార్పుకు ఇంతని కూలి కట్టి, చీరను తానే అమ్ముకునే షావుకారు. ఈ రెండింటి పుస్తకాల్లోనూ నేత కార్మికుడు ఒక్కడే కనిపిస్తాడు, అసలు కర్మాగారం మాత్రం అతని ఇల్లు. ఇంట్లో ఒకరు కండెలు చుడతారు, ఒకరు ఆసు పోస్తారు, గుర్తులు పెట్టిన చోట రబ్బరు బిగించి చిటికి కడతారు, అద్దకం వేస్తారు, విప్పి మళ్లీ కట్టి మరో రంగులో ముంచుతారు. ఇదంతా ముగిసిన తరువాతనే మగ్గం గుంతలోకి కాలు దిగుతుంది. కూలి మాత్రం ఒక్క పేరు మీద వస్తుంది.

వీటిలో ఆసు గురించి కొంచెం ఆగి చెప్పుకోవలసి ఉంది. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల మీదుగా పట్టు పోగును చేత్తో అటూ ఇటూ తిప్పుతూ, చిటికి కట్టడానికి వీలుగా పేకను వరుసలు వరుసలుగా పేర్చడమే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి, నాలుగైదు గంటలు పట్టాలి, మొత్తం భారం ఒక్క భుజం మీదే పడాలి. ఆ భుజం తరతరాలుగా ఆ ఇంటి ఇల్లాలిదే. సంఘం నియమావళిలో ఆసుకు వేరే పదవి లేదు, షావుకారు పుస్తకంలో వేరే పద్దు లేదు. ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం నొప్పిని చూడలేక, బడి చదువు మధ్యలోనే ఆగిపోయినవాడైనా ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, 1999లో ఆసు యంత్రాన్ని నిలబెట్టి దానికి ఆమె పేరే పెట్టాడు. ఐదు గంటల పని గంటన్నరకు తగ్గింది, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా వచ్చింది. అయితే ఈ మొత్తం కథలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: ఇంత పెద్ద చేనేత యంత్రాంగం, ఇన్ని సంఘాలు, ఇన్ని సేవా కేంద్రాలు ఉండగా, ఆ భుజం నొప్పి కొడుకు ఒక్కడికే ఎందుకు కనిపించింది? పద్దులో లేని పనికి నొప్పి కూడా ఉండదన్నది నియత నిర్మాణం తాలూకు సూత్రం కనుక.

పోచంపల్లికి దగ్గరలోని కనుముక్కల వద్ద హ్యాండ్లూమ్ పార్కు పెట్టినప్పుడు జరిగింది కూడా ఇదే లోపానికి పెద్ద రూపం. కంపెనీగా నమోదు, వాటాదారులు, షెడ్లు, అద్దక విభాగం, కేంద్ర పథకం నిధులు అన్నీ సమకూరాయి. నియత నిర్మాణంగా చూస్తే వంక పెట్టడానికి వీల్లేని ఏర్పాటు. అది ఆశించినట్టు నిలదొక్కుకోలేదు, అప్పుల్లో చిక్కుకుంది, చివరికి ప్రభుత్వమే చెయ్యి అందించవలసి వచ్చింది. మార్కెట్ లేదు, నిర్వహణ సరిగా లేదు, బ్యాంకు వడ్డీ పెరిగింది అని కారణాలు చెబుతారు. అవి అబద్ధాలు కావు. కానీ మగ్గాన్ని షెడ్డులోకి మార్చగలిగారు గాని ఇంటిని మార్చలేకపోయారన్నది వాటికన్నా ముందు చెప్పవలసిన కారణం. వంటకూ పిల్లల బడికీ నడుమ ఆసు పోసే స్త్రీ, సాయంత్రం వచ్చి చిటికి కట్టే మామ, నూలు తక్కువైతే చేబదులిచ్చే పొరుగింటివాడు ఆ షెడ్డుకు రారు. వారు లేకుండా ఒక్క నేత కార్మికుడికి షెడ్డు కూలి గిట్టుబాటు కాదు. ప్రాజెక్టు నివేదిక రాసినవారి దగ్గర ఈ లెక్కకు గడి ఉండి ఉండదు.

నిర్మాణమే సర్వస్వమనుకునేవారికి హైదరాబాద్ ఇచ్చిన గుణపాఠం మరొకటి ఉంది. స్వతంత్ర డైరెక్టర్లలో హార్వర్డ్ ఆచార్యుడు, పేరున్న ఆడిటర్లు, 2008లో ఉత్తమ కార్పొరేట్ పాలనకు అంతర్జాతీయ పురస్కారం అన్నీ ఉన్న సత్యం కంప్యూటర్స్‌లో, దాదాపు 5,000 కోట్ల రూపాయల నగదు నిల్వ అసలు లేనేలేదని 2009 జనవరి 7న ఛైర్మన్ స్వయంగా రాసిన లేఖతోనే లోకానికి తెలిసింది. బోర్డు పట్టిక నిండుగానే ఉంది; పెద్దాయన మాటకు ఎదురు చెప్పకూడదన్న అలవాటు ఆ పట్టిక కంటే బలంగా ఉంది. అక్కడ అనియత సంస్కృతి ముంచింది, పోచంపల్లిలో అదే నిలబెట్టింది. రెండు చోట్లా కొలవడానికి వెళ్లినవారు కాగితాన్నే కొలిచారు.

అనియత సంస్కృతి అనగానే అదేదో పచ్చని పల్లె అనుబంధమని మురిసిపోవడం కూడా తగదు, అందుకు పూర్వపు పాలమూరు జిల్లా చాలు. నారాయణపేట, మక్తల్, కొడంగల్ మట్టి మీద నుంచి, అచ్చంపేట తండాల నుంచి వానలు వెనక్కు పోగానే కుటుంబాలకు కుటుంబాలు బొంబాయి, పుణె, బెంగళూరు దారి పట్టడం వెనుక ఉన్నది గుంపు మేస్త్రీ అన్న ఒక్క మనిషి. నిర్మాణ కంపెనీ పట్టికలో అతనికి స్థానం ఉండదు. అయినా కూలీలను ఎంచేది, అడ్వాన్సు ఇచ్చేది, రైలో బస్సో ఎక్కించేది, పని పంచేది, తగువు తీర్చేది, జ్వరం వస్తే గోలీ తెప్పించేది అతనే. పెద్ద కంపెనీలు మానవ వనరుల విభాగమని ఒక అంతస్తు మొత్తం పెట్టి చేసే పని అంతటినీ అతడు ఒక నోటు పుస్తకంతో చేస్తాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్, అంత పెద్ద రాతికట్టడం, లేచిందీ ఈ పద్ధతిలో కదిలిన చేతుల మీదే. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశమంతటా ప్రాజెక్టు గట్ల మీద చెల్లుబాటైంది. కంపెనీకి ఇందులో లాభం స్పష్టం: పని సమయానికి ముగుస్తుంది, బాధ్యత ఎవరి మీదా పడదు. ఏ నమ్మకంతో కుటుంబం కదిలిందో ఆ నమ్మకమే అడ్వాన్సు తీరేదాకా కట్టి పడేసే తాడు అవుతుంది. మేస్త్రీ ఊరివాడు, కొన్నిసార్లు చుట్టం, కనుక అతని మీద ఫిర్యాదు చేయడమంటే ఊరితో తగవు పెట్టుకోవడమే.

ఈ తాడును తెంచడానికే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి ఫొటోతో పాసుపుస్తకం, ఊరు విడిచినందుకు భృతి, రానుపోను ఖర్చు అన్నీ అందులో రాశారు. చట్టం పుట్టి నాలుగు దశాబ్దాలు గడిచినా ఆ పాసుపుస్తకాన్ని కళ్లతో చూసిన పాలమూరు కూలీని వెతకడం కష్టం. ఆ చట్టమూ పోయింది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్ దాని స్థానంలోకి వచ్చింది. కోడ్ మంచిదా చెడ్డదా అన్న వాదన దిల్లీలో సాగుతుండగానే, పండుగలు కాగానే నారాయణపేట బస్టాండులో మేస్త్రీ తన నోటు పుస్తకం తెరుస్తాడు.

విచిత్రమేమిటంటే ఇటు నల్లగొండ, అటు పాలమూరు ప్రాంతాల్లో మేనేజ్‌మెంట్ చదువుతున్న విద్యార్థులకు హాథార్న్ ప్రయోగం పరీక్ష ప్రశ్నగా తెలుసు, జపాన్ కార్ల కంపెనీ పని విధానం తెలుసు. గుంపు మేస్త్రీ సంస్థనా, దళారినా, బ్యాంకా అన్న ప్రశ్న వారికి ఎదురుకాదు. పక్క వీధిలో వందేళ్ల నుంచి నడుస్తున్న సంస్థ కేస్ స్టడీగా పనికిరాదని ఎవరు తేల్చారో గాని, ఆ తరగతి గదుల నుంచే రేపు ప్రాజెక్టు నివేదికలు రాసేవారు బయటికి వస్తారు.

2019–20 నాలుగో చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా చేనేత కార్మికులు ఉంటే వారిలో 70 శాతానికి పైగా స్త్రీలే. అదే దేశంలో సంఘం సభ్యుల జాబితా తెరిస్తే చాలా చోట్ల మగ్గం మీద కూర్చునే మగవాడి పేరే కనిపిస్తుంది. ఎన్నికైన పాలకవర్గాలకు బదులు పర్సన్ ఇన్‌ఛార్జ్‌లతో సంఘాలను ఏళ్ల తరబడి నెట్టుకురావడం మామూలైపోయింది గనుక ఆ జాబితాను తెరిచే అవసరం కూడా ఎవరికీ రావడం లేదు. 2004–05లో భౌగోళిక గుర్తింపు సంపాదించిన పోచంపల్లి ఇక్కత్‌కు ఇప్పుడు కావలసింది ఇంకొక ముద్ర కాదు. చేనేత శాఖ వచ్చే ఆగస్టు 7 లోపల సంఘాల సభ్యత్వ జాబితాలను సవరించి, ఆసు పోసే, కండెలు చుట్టే, చిటికి కట్టే ప్రతి స్త్రీ పేరునూ ఓటు హక్కుతో సహా అందులో చేర్చాలి. వార్పు కూలిలో ఆసుకు ఎంతో వేరే పద్దుగా రాయాలి.