తాబేలు గట్టిదట!

గతవారపు మన పత్రికలో ఒక సోదరుడు, ఇంట పెంచుటకు కుక్కకన్న తాబేలు మేలనియు, గట్టి జాతిని ఎంచుకొన్నచో శ్రమయే లేదనియు, నక్షత్ర తాబేలున్న యింట లక్ష్మి నిలుచుననియు వ్రాసియున్నారు. వారియెడ మాకు గౌరవము కలదు. కాని ఈ మూడు మాటలలో ఒక్కటియు నిలువదు. కోలారు, చింతామణి, హోసూరు ప్రాంతములలో మనవారి అంగళ్లలో గల్లాపెట్టె ప్రక్కన తొట్టిలో తాబేలుండుట మేమెరుగుదుము గనుక ఊరకుండజాలము.

మేము వర్తకులము. "గట్టి సరుకు" అను మాట అమ్మువాని నోటనే పుట్టునని మాకు తెలియును. తాబేలు జబ్బును పైకి చూపదు. అందుచేతనే గట్టిదిగా తోచును. కుక్క మూలుగును, పశువు మేత మానును, మనము వెంటనే కనిపెట్టుదుము. తాబేలు కన్నులు వాచి, ముక్కున బుడగలు వచ్చి, డిప్ప మెత్తబడునాటికి మందు పనిచేయు కాలము చాలవరకు దాటియుండును.

మా తండ్రిగారి అంగడిలోను ఒకటి యుండెను. రేకుతొట్టిలో నీరు పోసి, దినమును పెరుగన్నము పెట్టుచుంటిమి. నక్షత్ర తాబేలు నీటిప్రాణి కాదు. రాయలసీమ, కోలారు సీమల మెట్టపొలములలో, తుప్పలలో తిరుగు ప్రాణి. గడ్డి, ఆకులు, పూలు, నాగజెముడు దాని మేత. వెన్నుపై ఎండ పడనిదే దాని ఎముకకును డిప్పకును సున్నము పట్టదు. అట్టిదానికి మేము చీకటిమూలను, తడిని, అన్నమును ఇచ్చితిమి. నాలుగవ యేట మార్గశిరపు చలిలో చచ్చినది. ఇంటి దిష్టిని తీసికొనిపోయినదని పెద్దలు సంతోషించిరి. మేమే చంపితిమని చెప్పుటకు నేడు సంకోచింపము.

శ్రీకూర్మపు దేవాలయములో తాబేళ్లు లేవా యని కొందరడుగుదురు. కలవు, భక్తులు గోంగూర పెట్టుదురు. గుడిలో ఏనుగున్నదని మనము పెరటిలో ఏనుగును కట్టుకొందుమా?

ఇక శాసనము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 2022లో జరిగిన సవరణచే నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూలున చేరినది. దానిని పట్టినను, కొన్నను, ఇంట ఉంచుకొన్నను 3 సంవత్సరములకు తగ్గకుండ 7 సంవత్సరముల వరకు ఖైదు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. ఈ తాబేళ్లు దొంగతనముగా దేశములు దాటుచున్నవి. 2018లో సింగపూరునుండి 51 తాబేళ్లను విమానముపై కర్ణాటకకు తిరిగి తేవలసివచ్చినది. అట్టి వర్తకమునకు మన లక్ష్మీకాంక్ష తోడ్పడవలయునా? ఒక్క తెలుగువాని యింట సోదా జరిగిన, ఊరివారు తిట్టునది ఆ యొక్కనినే కాదు.

విదేశపు జాతిని తెచ్చుకొందుమందురా? ఆఫ్రికా సల్కాటా గట్టిదే. ఆ మాట నిజము. అరచేతిలో ఇమిడిన పిల్ల 50 కిలోలు దాటగలదు, 70 ఏండ్లకు పైగా బ్రతుకగలదు, బొరియ త్రవ్వి ప్రహరీ పునాది క్రిందికి పోగలదు. మన తరువాత పంపకములలో అది ఏ కొడుకు వంతు? అట్టి ప్రాణులను 2024 నియమముల ప్రకారము పరివేశ్ పోర్టలున నమోదు చేయవలయును. చీటీ చూపని అంగడిలో కొనరాదు.

ఇంట నక్షత్ర తాబేలున్నవారు భయపడి చీకటిలో పొలమున వదలవలదు. ఇంటి రోగము అడవి తాబేళ్లకు సోకును. అటవీశాఖవారి కడకు పోవలయును. కన్నడమో తమిళమో చదువజాలని మన పెద్దలు ఆ కచేరీ మెట్లెక్కుటకు జంకుదురని మేమెరుగుదుము. ఆదివారము ఉదయము సంఘకార్యాలయమునకు వచ్చి చెప్పినచో, అర్జీ వ్రాయించి, న్యాయవాదితో మాట్లాడి, మేమే తోడువత్తుము. పేరు పత్రికలో వేయము.