పాస్‌బుక్కులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు

బాండ్ల పేరుతో జనం దగ్గర తీసుకున్న 24 వేల కోట్ల పైచిలుకు సొమ్మును 15 శాతం వడ్డీతో సెబీకి కట్టండి, సెబీ దాన్ని జనానికి పంచుతుందని 2012 ఆగస్టు 31న సుప్రీంకోర్టు రెండు సహారా కంపెనీలకు తేల్చి చెప్పింది. పదేళ్ల తర్వాత సెబీ లెక్క చూస్తే పంచింది దాదాపు 138 కోట్లు. ఖాతాలో వేల కోట్లు మూలుగుతున్నాయి. పేపర్లలో ప్రకటనలిచ్చారు, 2018 దాకా గడువులు పెట్టారు, వచ్చిన దరఖాస్తులు 20 వేలు దాటలేదు. అసలు ఆ మదుపుదారులే లేరు, అన్నీ దొంగ పేర్లేనని కొందరు తీర్పు చెప్పేశారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. సూరత్ లింబాయత్‌లో బతికే నాబోటివాడికి మాత్రం ఇంకో కారణం కూడా కళ్లెదుటే కనిపిస్తోంది.

సూరత్ రింగ్ రోడ్డు చీరల మార్కెట్లో లెక్కలు రాసే గుమాస్తాను నేను. మా తాతలది సిరిసిల్ల వైపు. లింబాయత్, గోడాదరా, డిండోలి బస్తీల్లో మన పద్మశాలీలు ఎంతమందో. కార్పొరేషన్ తెలుగు బడులు కూడా నడుపుతోంది. మగవాళ్లు మరమగ్గాల కార్ఖానాల్లో పన్నెండేసి గంటల షిఫ్టు చేస్తారు. ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు దాగా కటింగ్, అంటే దారాలు కత్తిరించే పని చేస్తారు, చీరకింత అని. ఆ చిల్లర కోసం సాయంత్రం పూట సహారా ఏజెంటు గుమ్మంలోకి వచ్చేవాడు. బ్యాంకు ఎన్నడూ మా గుమ్మం తొక్కలేదు. ఇతను తెలుగులో పలకరించి, కార్డు మీద సంతకం గీకి, ఇరవయ్యో యాభయ్యో పట్టుకుపోయేవాడు. ఆ సొమ్ము చేరింది సహారా పేరు మీద నడిచిన నాలుగు సహకార సంఘాల్లోకి. వాటిలో స్టార్స్ మల్టీపర్పస్ అనేది మన హైదరాబాద్‌దే.

ఈ సంఘాల్లో దాచుకున్నవాళ్ల కోసం 2023 మార్చి 29న సుప్రీంకోర్టు, సెబీ దగ్గరున్న సొమ్ములోంచి 5,000 కోట్లు కేంద్ర సహకార రిజిస్ట్రారుకు ఇప్పించింది. పంపిణీ పర్యవేక్షణ మన తెలుగువాడే అయిన విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డికి అప్పగించింది. జూలై 18న సొమ్ము వాపసుకు దరఖాస్తు చేసుకునే పోర్టల్ తెరిచారు, ఆగస్టు 4న తొలిగా 112 మందికి పదేసి వేలు వేశారు. 2024 సెప్టెంబరులో ఒక్కొక్కరికి ఇచ్చే పరిమితి 50 వేలైంది. 2025 తొలి నెలలకు దాదాపు 13 లక్షల మందికి 2,300 కోట్ల పైన చేరింది. ప్రకటనల కాలంతో పోలిస్తే ఎంతో మేలు, కాదనను.

మరి రానివాళ్ల సంగతి? వరసకు వదినయ్యే ఒకావిడ మొన్నామధ్య కాగితాలన్నీ తెచ్చి నా ముందు పోసింది. పాస్‌బుక్కు మీద ఏజెంటు మన పద్ధతిలో ఇంటిపేరును పొడి అక్షరం చేసి, పక్కన ఆమె పేరు రాశాడు, అంతే. ఆధార్ ఇక్కడ తీయించుకున్నది. గుజరాత్ పద్ధతిలో ముందు ఆమె పేరు, నడుమ భర్త పేరు, చివర ఇంటిపేరు పూర్తిగా. అదీ ఎవరో చెవిన పడ్డట్టు గుజరాతీలో రాసి, అక్కణ్ణుంచి ఇంగ్లిషులోకి దించితే ఒత్తు ఎగిరిపోయింది. బ్యాంకు పుస్తకంలో మూడో రకం. మనిషి ఒక్కతే, కంప్యూటరుకు ముగ్గురు. ఆధార్‌కిచ్చిన ఫోను నంబరు కొడుకుది, వాడు ఆ సిమ్ము ఎప్పుడో పారేశాడు. ఓటీపీ ఎవరి జేబులో మోగుతోందో దేవుడికెరుక.

అందుకే ఎవరొచ్చినా పోర్టల్ జోలికి పోయేముందు ఆధార్ సంగతి చూసుకోమంటాను. చేతిలో ఉన్న నంబరు దానికి కలిపించాలి, పేరు దిద్దించాలి. బ్యాంకు ఖాతా ఆధార్‌తో ముడిపడిందో లేదో అడగాలి, సొమ్ము పడేది అందులోనే. సభ్యత్వ సంఖ్య, డిపాజిట్ ఖాతా సంఖ్య, పాస్‌బుక్కో సర్టిఫికెట్టో దగ్గర పెట్టుకుని, ఏ సంఘంలో ఎన్ని ఉన్నా అన్నీ ఒకే దరఖాస్తులో చూపాలి. మొత్తం 50 వేలూ ఆపైన అయితే పాన్ కార్డు కావాలి. ఫారం ప్రింటు తీసి, ఫొటో అంటించి, సంతకం చేసి తిరిగి ఎక్కించాలి. తప్పుందని మెసేజ్ వస్తే దిద్ది మళ్లీ పంపవచ్చు, ఆశ వదులుకోనక్కర్లేదు. ఇంతా చేస్తే కట్టాల్సిన ఫీజు సున్నా. అయినా ఇంత శాతమిస్తే ఇప్పిస్తామంటూ బస్తీలో దళారులు తయారయ్యారు. వాళ్లను గుమ్మం ఎక్కనివ్వకండి.

అసలు ఈ భారమంతా డబ్బు పోగొట్టుకున్నవాళ్ల నెత్తిన ఎందుకుండాలి? మా మార్కెట్లో పరువున్న సేటు ఎవడూ నీ చీటీ పోయింది కాబట్టి నీకు బాకీ లేనని అనడు, తన పద్దు తీసి చూసి ఇస్తాడు. సంఘాల దగ్గరా పద్దులుండి తీరాలి. వాటిని బట్టి చిరునామాకు చీటీ పంపాలి, సూరత్‌లో అయితే గుజరాతీలోనూ తెలుగులోనూ. ఖాతా సంఖ్య, మొత్తం సరిపోయి పేరులో అక్షరమే తేడా వస్తే ఒక అధికారి మనిషిని ఎదురుగా చూసి తేల్చాలి. దొంగ క్లెయిములు వస్తాయనే భయం న్యాయమైనదే, కానీ దాన్ని ఆపాల్సింది ఆ అధికారి. మా వదిన ఇంటిపేరులో పోయిన ఒత్తు కాదు.

ఒక్కొక్కరూ విడిగా తిరక్కుండా అందరి తరఫునా పోరాడే దారి లేదా అంటారా? సత్యం కంపెనీ కుంభకోణం మరిచిపోలేదు కదా. 2009 జనవరిలో బయటపడ్డాక అమెరికాలో ఆ వాటాలు కొన్నవాళ్లు అందరి తరఫునా ఒకే దావా వేశారు, 2011లో కంపెనీ 12.5 కోట్ల డాలర్లకు రాజీపడింది. హైదరాబాద్‌లో అవే వాటాలు కొన్నవాళ్లకు అందులో భాగం లేదు, అలాంటి దావాకు అప్పట్లో మన కంపెనీ చట్టంలో చోటే లేదు మరి. 2013 కంపెనీల చట్టం 245వ సెక్షన్ వాటాదారులకూ డిపాజిటర్లకూ ఆ దారి తెరిచింది. ఒకే రకం నష్టం జరిగిన కొనుగోలుదారుల తరఫున వినియోగదారుల కమిషన్ అనుమతితో ఒక్కరైనా ఫిర్యాదు చేయవచ్చని 2019 వినియోగదారుల చట్టం 35వ సెక్షన్ చెబుతోంది. దావా వేసే దారి ఏర్పడింది. గెలిచిన సొమ్మును ఇల్లు వెతుక్కుంటూ తెచ్చిచ్చే ఏర్పాటే ఇంకా లేదు.

అది వచ్చేదాకా మనమే చూసుకోవాలి. మార్కండేయ జయంతికి పందిళ్లు వేసే మన సంఘాలు ఒక ఆదివారం ప్రింటరు పెట్టుకుని కూర్చుంటే ఎన్నో ఇళ్ల పని తెములుతుంది. ఊళ్లో ఉన్న బంధువులకు ఒక మనవి. సూరత్ నుంచి వచ్చినవాళ్లు వదిలేసిన పాత పెట్టెల్లో సహారా కాగితం కనిపిస్తే చించేయకండి, ఫొటో తీసి పంపండి. 2025 సెప్టెంబరులో కోర్టు మరో 5,000 కోట్లకు అనుమతిచ్చింది. చెల్లింపులకు ఇప్పుడున్న గడువు 2026 డిసెంబరు 31.